మన నది ఆరోగ్యం – 3వ పాఠం: మూసీ నీళ్లలో ఆక్సిజన్ ఎంత?

మొదటి రెండు పాఠాల్లో మూసీ మీద నాలుగు చోట్లు ఎంచుకున్నాం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల నుంచి దిగివచ్చే పైభాగం ఒకటి, హైదరాబాద్‌లో ఒక వంతెన, వలిగొండ మండలం సంగెం దగ్గరి భీమలింగం కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట), చివరికి కృష్ణలో కలిసే వాడపల్లి. ఉష్ణోగ్రత, పీహెచ్, నీటి తేటదనం కొలవడం కూడా అయింది. ఈసారి నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలుద్దాం. ప్రయోగశాలల్లో దీన్ని డీఓ అంటారు, మనమూ అలాగే అందాం. రసాయన శాస్త్రం చెప్పే టీచర్ పక్కన ఉంటే తొమ్మిది, పది తరగతుల పిల్లలు చక్కగా చేయగలిగిన పరీక్ష ఇది. మూసీ దూరమైనవాళ్లు తమ ఊరి వాగు మీదో ఏటి మీదో చేయవచ్చు, పద్ధతి మారదు.

ఒక విషయం మొదటే చెప్పాలి, ఎందుకంటే పాఠశాలల నివేదికల్లో ఎక్కువగా తప్పిపోయేది ఇదే. డీఓ అంకె పక్కన ఎన్ని గంటలకు తీశారో, అప్పుడు నీటి ఉష్ణోగ్రత ఎంతో రాయకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. ఒకే చోట, ఒకే రోజు, అదే నీళ్లు తెల్లవారుజామున చేప బతకలేని స్థితిలో ఉండి, మధ్యాహ్నానికి స్నానానికి సరిపోయే నీళ్లలా కనిపించవచ్చు. అందుకే ఈ పాఠంలో పరీక్ష ఎలా చేయాలో ఎంత వివరంగా చెబుతామో, ఎప్పుడు చేయాలో కూడా అంతే వివరంగా చెబుతాం.

నీళ్లలోకి ఆక్సిజన్ ఎలా వస్తుంది, ఎలా పోతుంది

ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. ఒక లీటరు నీళ్లలో, ఎంత మంచి నీళ్లయినా, మన వాతావరణంలో కరిగి ఉండేది 7, 8 మిల్లీగ్రాములే. చేపలు, రొయ్యలు, రాళ్ల కింది పురుగులు అన్నీ ఈ కాస్తలోనే బతకాలి. దీనిలో నాలుగు మిల్లీగ్రాములు తగ్గితే సగం పోయినట్టే.

వచ్చే దారులు రెండు. ఒకటి గాలి: నీళ్లు రాళ్ల మీద దూకినా, కత్వ మీద నుంచి జారిపడినా గాలి బాగా కలుస్తుంది. రెండోది ఎండ: నీళ్లలోని పాచి, నాచు, మొక్కలు పగలు ఆక్సిజన్‌ను విడుస్తాయి. పోయే దారుల్లో పెద్దది బాక్టీరియా. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తింటూ అవి ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. మురుగుతో వచ్చే అమ్మోనియాది కూడా చిన్న వాటా కాదు. దానిలోని ఒక మిల్లీగ్రాము నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. వర్షాకాలం దాటాక హైదరాబాద్‌లో మూసీలో పారేది చాలావరకు నగరపు మురుగునీరే కాబట్టి, అక్కడ ఈ ఖర్చు రాబడిని పూర్తిగా మింగేస్తుంది.

పాచి విషయంలో పిల్లలు తరచూ పొరబడతారు. పగలు ఆక్సిజన్ ఇచ్చే పాచే రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. సాయంత్రం నుంచి డీఓ దిగుతూ వచ్చి, సూర్యోదయం వేళకు అట్టడుగుకు చేరుతుంది. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతులను అడగండి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అందుకే రాత్రిపూట ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పుతారు, మబ్బు పట్టిన రోజుల్లో ఇంకా జాగ్రత్త పడతారు. నదిలో నిలవ నీళ్లున్న ప్రతి మడుగులోనూ జరిగేది ఇదే.

నీళ్లు ఎంత పట్టగలవు

కొలిచిన అంకెను దేనితో పోల్చాలి? ఆ ఉష్ణోగ్రతలో నీళ్లు గరిష్ఠంగా పట్టగలిగే ఆక్సిజన్‌తో. దీన్ని సంతృప్త స్థాయి అంటారు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాయువు నిలవదు. వెచ్చబడిన సోడా మూత తీస్తే గ్యాసంతా ఒక్కసారి పొంగిపోయేది అందుకే. సముద్ర మట్టం దగ్గర మంచినీటికి సంతృప్త స్థాయిలు ఇవి, లీటరుకు మిల్లీగ్రాముల్లో: 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 9.1, 22 వద్ద 8.7, 24 వద్ద 8.4, 26 వద్ద 8.1, 28 వద్ద 7.8, 30 వద్ద 7.6, 32 వద్ద 7.3, 34 వద్ద 7.1. ఈ వరుసను నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకోండి.

ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది, పట్టే ఆక్సిజనూ తగ్గుతుంది. ప్రతి 100 మీటర్లకు సుమారు 1.2 శాతం తీసేయండి. హైదరాబాద్ 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి పై అంకెలను 0.94తో గుణించాలి. అంటే 28 డిగ్రీల వద్ద అక్కడ 7.8 కాదు, 7.3 వస్తే నీళ్లు నిండుగా ఉన్నట్టు. వాడపల్లి కృష్ణా ఒడ్డున పల్లంలో ఉంది, అక్కడ ఈ సవరణ అంతగా లెక్కలోకి రాదు.

నీళ్లు తీసే క్యాను తయారీ

బక్కెట్‌తో తోడిన నీళ్లు డీఓ పరీక్షకు పనికిరావు. తోడేటప్పుడు, ఒంపేటప్పుడు గాలి కలిసిపోతుంది. అసలే ఆక్సిజన్ లేని మురుగునీటికి ఇది మరీ మోసం, ఎందుకంటే సున్నా ఉన్నచోట ఒకటీ రెండూ కనిపిస్తాయి. అందుకని సీసా అడుగు నుంచి నీళ్లు నిండి, పై నుంచి పొంగి పోవాలి. మొదట చేరిన నీళ్లు పోయి కొత్త నీళ్లు రావాలి, అలా అయిదారుసార్లు జరగాలి.

దీనికి కావలసినవి ఇవి. వెడల్పు మూతి ఉన్న 2 లీటర్ల స్టీలు క్యాను, బిగువుగా పట్టే మూతతో. అందులో నిటారుగా నిలబడే 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసా ఒకటి (బీఓడీ అంటే నీళ్లలోని మురుగును తినడానికి బాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్). ఇది నీళ్ల పరీక్షల కోసమే చేసిన గాజు బిరడా సీసా, ప్రయోగశాల సామాన్లమ్మే దుకాణంలో దొరుకుతుంది. పెన్సిల్ లావు గొట్టాలు రెండు, 2 కిలోల ఇనప తూకపురాయి, 5 కిలోల బరువు తట్టుకునే తాడు. సీసా మూతికి, క్యాను మూతకు మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా క్యాను ఎంచుకోండి.

క్యాను మూతకు రెండు రంధ్రాలు చేయించండి. మొదటి గొట్టం మూతలోంచి దిగి బీఓడీ సీసా అడుగుకు ఒక సెంటీమీటరు పైదాకా వెళ్లాలి, మూత పైన 2 సెంటీమీటర్లే కనిపించాలి. రెండో గొట్టం మూత లోపలి అంచుతో సమానంగా ఆగాలి, పైకి మాత్రం 12 సెంటీమీటర్లు లేవాలి. గాలి బయటికి పోయే దారి ఇది. ఈ గొట్టం పొడవుగా ఉంటేనే నీళ్లు మొదటి గొట్టంలోంచి లోపలికి దిగుతాయి, గాలి రెండో దానిలోంచి వెళ్తుంది. రెండూ ఒకే ఎత్తులో ఉంటే రెండిట్లోంచీ నీళ్లూ గాలీ గుడగుడలాడతాయి, సీసాలోకి బుడగలు చేరతాయి. రంధ్రాల చుట్టూ ఎమ్‌సీల్ పెట్టండి. మూత అంచుకు పాత సైకిలు ట్యూబు ముక్క వాషరుగా సరిపోతుంది. తూకపురాయిని క్యాను కింద కట్టాలి, లోపల వేస్తే నీళ్లకు చోటు తగ్గుతుంది.

క్యానును వంతెన మీద నుంచి పారే నీళ్ల మధ్యలోకి వదలండి. చిన్న గొట్టం మూతి నీటి మట్టానికి ఓ అడుగు కింద ఉండేలా పట్టుకోండి. పొడవు గొట్టం కొసన బుడగలు ఆగిపోయాయంటే క్యాను నిండింది. కుదుపు లేకుండా పైకి లాగి మూత తీయండి. బీఓడీ సీసా మూతి ఇంకా నీళ్లలోనే మునిగి ఉంటుంది. దాని బిరడాను ఆ నీళ్లలోనే ఏటవాలుగా పెట్టి బిగించాకే సీసాను బయటికి తీయాలి. తిరగేసి చూడండి. శనగగింజంత బుడగ కనిపించినా పారబోసి మళ్లీ తీయాలి.

హైదరాబాద్‌లో పిల్లలు నదిలోకి దిగకూడదు, ఒడ్డు దాకా కూడా పోకూడదు. వంతెన మీద నుంచే తీయాలి, అదీ రద్దీ లేని వేళ, పెద్దవాళ్లతో కలిసి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారని తెలిసిన రోజు నగరంలోనే కాదు, కింది ఊళ్లలో కూడా పరీక్ష మానుకోండి. నీళ్లు పెరగడం కళ్ల ముందే జరిగిపోతుంది. రబ్బరు తొడుగులు తప్పనిసరి. చేతికి, కాలికి పుండు ఉన్నవాళ్లు నీళ్ల జోలికి రాకుండా రాసే పని తీసుకోవాలి.

సీసాలోనే ఆక్సిజన్‌ను పట్టి ఉంచడం

సీసాలో బిగించినా బాక్టీరియా పని ఆపదు. బడికి తీసుకెళ్లేలోపు డీఓ తగ్గిపోతుంది. అందుకే నది దగ్గరే రెండు ద్రావణాలు కలిపి ఆక్సిజన్‌ను ఘన రూపంలో బంధించేస్తాం. హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి ఇది. ఇవాళ్టికీ మీటర్లను సరిచూసుకోవడానికి దీన్నే నమ్ముతారు.

మొదటిది మాంగనీస్ సల్ఫేట్ ద్రావణం. మోనోహైడ్రేట్ రకమైతే 36.4 గ్రాములు స్వేదనజలంలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేయాలి. సీసా మీద హైడ్రేట్ రకం చూసుకోండి, టెట్రాహైడ్రేట్ అయితే 48 గ్రాములు. రెండోది క్షార అయొడైడ్ ఎజైడ్ ద్రావణం. ఇందులో గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్, పొటాషియం అయొడైడ్, కొద్దిగా సోడియం ఎజైడ్ ఉంటాయి. ఎజైడ్ విషం, క్షారం చర్మాన్ని కాలుస్తుంది. దీన్ని బడిలో తయారు చేయవద్దు, సిద్ధంగా అమ్మే సీసా కొనండి. ఎజైడ్ లేని రకం చవకగా దొరికితే మూసీకి అది వద్దు. మురుగునీటిలో నైట్రైట్ ఉంటుంది, అది అయొడిన్‌ను అదనంగా విడుదల చేసి డీఓను ఎక్కువ చూపిస్తుంది. ఆ నైట్రైట్‌ను తీసేయడానికే ఎజైడ్.

బిరడా తీసి, పిపెట్ కొసను నీటి మట్టానికి కాస్త కిందికి దించి మాంగనీస్ సల్ఫేట్ 1 మిల్లీలీటరు వేయండి. వేరే పిపెట్‌తో క్షార ద్రావణం 1 మిల్లీలీటరు. ఒకదాని పిపెట్ మరోదానిలో ముంచితే సీసాలోని ద్రావణమంతా పాడవుతుంది, కాబట్టి వాటికి రంగు టేపులు చుట్టి ఉంచండి. నోటితో పీల్చడం ఎట్టి పరిస్థితుల్లోనూ లేదు, రబ్బరు బల్బు వాడాలి. బిరడా బిగించగానే రెండు మిల్లీలీటర్ల నీళ్లు బయటికి పొంగుతాయి. అందులో క్షారం ఉంటుంది, అందుకని సీసాను ప్లాస్టిక్ ట్రేలో పెట్టి చేయాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి.

ఇప్పుడు సీసాను పదిహేనుసార్లు తిరగేసి కలపండి. ఈ క్షణంలో సీసాను కంటి ఎత్తుకు పట్టుకుని చూడండి, పరీక్ష మొత్తంలో ముఖ్యమైన దృశ్యం ఇదే. లోపల మబ్బులా తేలే అవక్షేపం మొదట తెల్లగా పుడుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే క్షణాల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది, ఎక్కువ ఉంటే ముదురు గోధుమ. అనంతగిరి వైపు వానాకాలం తర్వాత పారే తేట నీళ్లలో రంగు ఇట్టే మారిపోతుంది. నగరపు వంతెన దగ్గర తీసిన సీసాలో తెల్లది తెల్లగానే కిందికి దిగితే, ఆ నీళ్లలో ఆక్సిజన్ లేనట్టే. టైట్రేషన్ (ద్రావణాన్ని చుక్కలుగా కలుపుతూ ఎంత ఖర్చయిందో కొలవడం) చేయకముందే నది తన పరిస్థితి చెప్పేసింది. ఈ రంగును తెల్ల కాగితం ముందు పెట్టి ఫొటో తీసి ఉంచండి.

అవక్షేపం సీసా సగానికి దిగేదాకా ఆగి, మళ్లీ తిరగేసి, మళ్లీ దిగనివ్వాలి. ఒక్కసారితో సరిపెడితే సీసా పైభాగంలోని ఆక్సిజన్ అవక్షేపాన్ని పూర్తిగా అందుకోదు, ఫలితం తక్కువ వస్తుంది. తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మిల్లీలీటరు. ఇది టీచర్ మాత్రమే వేయాలి, సీసా మెడ లోపలి అంచు వెంట జారేలా. సిద్ధంగా అమ్మే డీఓ పరీక్ష కిట్‌తో చేసేవాళ్లకు ఆమ్లానికి బదులు సల్ఫామిక్ ఆమ్లపు పొడి వస్తుంది, పిల్లలకు అది క్షేమం. బిరడా పెట్టి తిరగేస్తే అవక్షేపం కరిగి సీసా అంతా పసుపు నుంచి గోధుమ రంగులోకి వస్తుంది. ఆ రంగు అయొడిన్‌ది. నీళ్లలో ఎంత ఆక్సిజన్ ఉండేదో దానికి సరిగ్గా సరిపడే అయొడిన్ ఇప్పుడు సీసాలో ఉంది. అయొడిన్ ఎండకు, గాలికి తగ్గిపోతుంది. సీసాను నల్ల సంచిలో చుట్టి, మూతి చుట్టూ కొన్ని నీళ్లు నిలబెట్టి, ఆ రోజే బడికి చేర్చి టైట్రేషన్ చేయండి. మర్నాటికి ఉంచవద్దు.

టైట్రేషన్

సోడియం థయోసల్ఫేట్, అదే ఫొటో స్టూడియోల్లో వాడిన హైపో, 6.205 గ్రాములు తూచి స్వేదనజలంలో కరిగించి లీటరు చేయండి. నిలవ ఉండడానికి 0.4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కలపండి. ఇది 0.025 మోలార్ ద్రావణం. ఈ గాఢతకు ఒక సౌకర్యం ఉంది: 200 మిల్లీలీటర్ల నదినీటికి ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చయితే డీఓ లీటరుకు అన్ని మిల్లీగ్రాములు. వేరే లెక్కే లేదు.

ఫ్లాస్కులోకి 200 కాదు, 201 మిల్లీలీటర్లు తీసుకోవాలి. మొదటి రెండు ద్రావణాలు వేసినప్పుడు 2 మిల్లీలీటర్ల నదినీళ్లు బయటికి పోయాయి కదా. 200ను 300తో గుణించి 298తో భాగిస్తే 201 వస్తుంది.

బ్యూరెట్‌లోంచి హైపోను నెమ్మదిగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుండండి. గోధుమ రంగు పలచబడి ఎండుగడ్డి రంగుకు వచ్చాకే స్టార్చ్ 1 లేదా 2 మిల్లీలీటర్లు వేయాలి. ముదురు నీలం వస్తుంది. ఇక చుక్క చుక్కగా వదలాలి. నీలం తొలిసారి పూర్తిగా పోయిన చోట రీడింగ్ తీసుకోండి. కాసేపటికి నీలం మళ్లీ తిరిగొచ్చినా పట్టించుకోవద్దు, మరిన్ని చుక్కలు వేయవద్దు. స్టార్చ్ ద్రావణానికి 2 గ్రాముల కరిగే స్టార్చ్‌ను 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో కలపండి. వారం దాటితే బూజు పట్టి పనిచేయదు. అత్యవసరమైతే పలచటి అన్నం గంజి తేట కూడా పనిచేస్తుంది, రంగు మాత్రం కాస్త ఊదాగా వస్తుంది.

హైపో గాఢత రోజురోజుకూ పడిపోతుంది, దాన్ని సరిచూడకుండా నెల తర్వాత వాడితే డీఓ ఎక్కువ చూపిస్తుంది. సరిచూసే పద్ధతి తేలిక. పొటాషియం అయొడేట్ 0.892 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి ఉంచండి. అందులోంచి 20 మిల్లీలీటర్లు తీసి, 2 గ్రాముల పొటాషియం అయొడైడ్ కలిపిన 100 మిల్లీలీటర్ల స్వేదనజలంలో వేసి, కొన్ని చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆమ్లీకరించి టైట్రేట్ చేయండి. సరిగ్గా 20 మిల్లీలీటర్ల హైపో పట్టాలి. 21 పడితే హైపో బలం తగ్గింది, మీ డీఓ అంకెలన్నిటినీ 20/21తో గుణించాలి. ప్రతి నెలా పరీక్ష రోజు ఉదయమే ఇది చేసి తేదీతో రాయండి.

ప్రతి చోటా రెండు సీసాలు తీయండి. రెండింటి ఫలితాలు 0.3 లోపు తేడాతో ఉంటే సగటు రాసుకోవచ్చు. 0.5 దాటితే ఏదో జరిగిందని అర్థం, సాధారణంగా ఒక సీసాలో బుడగ. అప్పుడు రెండూ పక్కన పెట్టి మూడోది తీయాలి. మంచిగా కనిపించినదాన్ని ఉంచుకుని రెండోదాన్ని కొట్టేయడం కొలత కిందికి రాదు.

స్టార్చ్ ముందే వేసేయడం మరో మామూలు తప్పు. గాఢంగా ఉన్న అయొడిన్ స్టార్చ్‌ను గట్టిగా అంటుకుంటుంది, నీలం సరైన చోట పోదు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే నీళ్లతో ఇంకో చిక్కు: అందులోని సల్ఫైడ్ కూడా అయొడిన్‌ను తినేస్తుంది. అయితే అలాంటి నీళ్లలో డీఓ ఎలాగూ సున్నాకు దగ్గరగానే ఉంటుంది, కాబట్టి ‘సల్ఫైడ్ వాసన’ అని పక్కన రాస్తే చాలు.

పరీక్షయ్యాక మిగిలిన ద్రావణాలు సింకులో పోయకండి, ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి చేర్చండి. ఎజైడ్ ఉన్నది రాగి, సీసం గొట్టాల్లో పడితే పేలే పదార్థాలు ఏర్పడతాయి. వాడని క్షార అయొడైడ్ ఎజైడ్ సీసాలో ఆమ్లం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఇవి టీచర్ చేతిలో, తాళం వేసిన బీరువాలో ఉండాలి.

డీఓ మీటరు ఉన్న బడులు దాన్నే వాడవచ్చు. పొర ఉన్న ప్రోబ్ అయితే నీళ్లలో ఆడిస్తూ ఉండాలి, కదలని నీళ్లలో తక్కువ చూపిస్తుంది. నెలకోసారి వింక్లర్ సీసాతో పోల్చి చూడండి.

ఎప్పుడు తీయాలి, ఎక్కడ తీయకూడదు

ఒక్కో చోట రోజుకు రెండుసార్లు: సూర్యుడు లేచిన అరగంటలోపు ఒకటి, మధ్యాహ్నం మూడు గంటల వేళ ఒకటి. తెల్లవారుజాము వంతు ఆ ఊళ్లోనే ఉండే పిల్లలకు, తల్లిదండ్రులు వెంట వచ్చేలా ఇవ్వండి. ఈ రెండు అంకెల మధ్య ఎంత ఎడం ఉందన్నది నది ఆరోగ్యానికి మంచి ఆనవాలు. తేటగా పారే నీళ్లలో తేడా కొద్దిగానే ఉంటుంది. పోషకాలు దండిగా చేరి పచ్చబడ్డ నీళ్లలో బారెడు తేడా వస్తుంది.

లెక్క అర్థం కావడానికి హైదరాబాద్ ఎత్తులో ఉన్న ఒక పచ్చటి మడుగును ఊహించుకుందాం (ఇవి కొలిచిన అంకెలు కావు). మధ్యాహ్నం నీళ్లు 30 డిగ్రీలు, డీఓ 9.5. సంతృప్త స్థాయి 7.6ను 0.94తో గుణిస్తే 7.1. అంటే 134 శాతం, నీళ్లు పట్టగలిగినదానికన్నా ఎక్కువ. తెల్లవారుజామున 24 డిగ్రీలు, డీఓ 1.8. సంతృప్త స్థాయి 7.9, అంటే 23 శాతమే. రెండింటి సగటు 5.65. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో ఆరుబయట స్నానానికి పనికొచ్చే ‘బి’ తరగతి నీళ్లకు డీఓ 5 లేదా అంతకు మించి ఉండాలి. సగటు చూస్తే ఈ మడుగు డీఓ విషయంలో గట్టెక్కినట్టే. కానీ ఆ నీళ్లలో రవ్వ, బొచ్చె పిల్లలు ఆ తెల్లవారుజాము దాటడం కష్టం. అందుకే డీఓకు సగటు తీయవద్దు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ విడివిడిగా రాయండి.

అదే వర్గీకరణలో, క్రిమిసంహారం చేస్తే చాలు తాగడానికి పనికొచ్చే ‘ఎ’ తరగతికి డీఓ కనీసం 6. పూర్తి శుద్ధి తర్వాత తాగే ‘సి’ తరగతికి, చేపలూ వన్యప్రాణుల ‘డి’ తరగతికి 4. సాగునీటి ‘ఇ’ తరగతికి డీఓ షరతే లేదు. తరగతి నిర్ణయించడానికి డీఓ ఒక్కటే సరిపోదు, బీఓడీ, కోలిఫాం (మలంతో నీళ్లలో చేరే బాక్టీరియా) వంటివీ చూడాలి. కాబట్టి మీ నివేదికలో ‘ఈ నీళ్లు బి తరగతి’ అని రాయకండి, ‘డీఓ వరకు బి తరగతి హద్దు దాటింది’ అని రాయండి.

నీళ్లలో చేప కనిపించింది కాబట్టి ఆక్సిజన్ ఉందనుకోవడం కూడా పొరపాటే. మన కొరమీను, మట్టగిడస, మార్పు పైకొచ్చి నేరుగా గాలి పీల్చగలవు. డీఓ ఒకటికి పడినా అవి బతుకుతాయి. ఏ చేప కనిపించిందో పేరుతో రాయండి.

కత్వ దగ్గర చోటు ఎంచుకోవడంలో మెలకువ కావాలి. భీమలింగం కత్వ లాంటి చోట నీళ్లు కిందికి దూకేటప్పుడు గాలి బాగా కలుస్తుంది. నురగ లేచే ఆ చోటనే తీస్తే కత్వ చేసిన మేలు కనిపిస్తుంది గానీ, నది అసలు స్థితి తెలియదు. కత్వ పైన నిలిచిన నీళ్లలో ఒకటి, కింద 200 మీటర్ల అవతల ఒకటి తీయండి. పైన గుర్రపు డెక్క కప్పేసి ఉంటే ఆ విషయం తప్పక రాయాలి. డెక్క ఎండను అడ్డుకుంటుంది, గాలి నీళ్లను తాకకుండా చేస్తుంది, దాని కింద డీఓ మరీ తక్కువ వస్తుంది. నగరం దాటాక మూసీ మీద వరసగా ఉన్న ఈ కత్వలు సాగు కోసం కట్టినవే అయినా, నీళ్లు పోయేకొద్దీ కాస్త తేరుకోవడంలో వాటి పాత్ర ఉంది. పైన, కింద తీసిన అంకెల తేడాలో మీరు కొలిచేది దాన్నే.

ఈ నెల పని

నోటుబుక్కులో ప్రతి సీసాకు ఒక వరుస: చోటు, తేదీ, గంట, నీటి ఉష్ణోగ్రత, మబ్బా ఎండా, ముందు రెండు రోజుల్లో వాన పడిందా, నీటి రంగు, అవక్షేపం రంగు, హైపో మిల్లీలీటర్లు, సరిచూసిన గుణకం, డీఓ, సంతృప్త శాతం. వాన పడ్డ మర్నాడు తీసిన అంకెను పొడి రోజు అంకెతో కలపకూడదు. తొలకరి వాన రోడ్ల మీది చెత్తనంతా నదిలోకి తోస్తుంది, అప్పుడు డీఓ పెరగడానికి బదులు పడిపోవచ్చు.

మూసీ పైభాగం వేసవికి ఎండిపోతుంది, అక్కడి పరీక్షలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ముగించండి.

నాలుగో పాఠంలో బీఓడీ చేస్తాం. మన దేశంలో దాన్ని 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి కొలుస్తారు. కాబట్టి ఇప్పటినుంచే బడిలో 26, 28 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే చీకటి మూల ఒకటి వెతకండి. థర్మామీటరు పెట్టి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వారం పాటు రాయండి. ఒక్కో చోటికి అదనంగా రెండు బీఓడీ సీసాలు సమకూర్చుకోండి.